మండ పీత పేరు మారింది, చిట్టా ఉందా?

కాకినాడ తీరంలోనో యానాం దగ్గరో పట్టిన మండ పీతను 1990లో ఎవరైనా గుర్తించి రిజిస్టర్లో రాసి ఉంటే, అందులో 'సిల్లా సెర్రాటా' అని ఉండే అవకాశమే ఎక్కువ. అప్పట్లో చాలామంది వాడిన పేరు అదే. 1998లో కీనన్, డేవీ, మాన్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు ఆ ప్రజాతిని మళ్లీ మొదటి నుంచి పరిశీలించి, అందులో నాలుగు జాతులున్నాయని తేల్చారు: సెర్రాటా, ట్రాంక్వెబారికా, పారామమోసెయిన్, ఒలివేసియా. దాంతో పాత రిజిస్టర్లోని ఆ ఒక్క పేరూ ఏమీ చెప్పలేని పేరైపోయింది. ఆ పీత నుదుటి అంచున పళ్లు ఎత్తుగా ఉన్నాయా, పొట్టిగా గుండ్రంగా ఉన్నాయా? డెక్కకు వెనక ఉండే కణుపు మీద, బయటి వైపు రెండు ముళ్లు స్పష్టంగా ఉన్నాయా, లేక అరిగిపోయినట్టు ఒక్కటే ఉందా? రిజిస్టరు చెప్పదు. పీత ఎప్పుడో కూరైపోయింది.

పులసకు ఈ ఇబ్బంది రాలేదు. సముద్రంలో ఉన్నంతకాలం విలస, వరద నీటికి ఎదురీది గోదావరిలోకి వచ్చాక పులస. ధర మారుతుంది, రుచి మారుతుంది, జాతి మాత్రం ఒకటే. శాస్త్రంలో దాన్ని ఒకప్పుడు హిల్సా ఇలిషా అనేవారు, ఇప్పుడు టెన్యులోసా ఇలిషా అంటున్నారు. పాత రికార్డులో మొదటి పేరు కొట్టేసి రెండోది రాసుకుంటే సరిపోతుంది. చెరువుల్లో పెంచే వనామీ రొయ్య కూడా అంతే. 1997లో దాన్ని పెనియస్ నుంచి లిటోపెనియస్‌కు మార్చారు, తర్వాత చాలామంది మళ్లీ పెనియస్ అనే రాస్తున్నారు. ఇలాంటి మార్పుకు పాత పేరు, కొత్త పేరు ఉన్న పట్టిక ఒకటి చాలు. జాతి చీలినప్పుడు పట్టిక పనికిరాదు. ఆ రోజు ఆ జీవిలో ఏం చూశారో కావాలి.

కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో జాతుల్ని గుర్తించేవాళ్ల దగ్గర ఆ సమాచారం లేకపోవడానికి కారణమే ఉండకూడదు. చూసిన ప్రతి లక్షణాన్నీ వాళ్లే టైప్ చేశారు. దాన్ని ఒక ఫైల్లో నిలవ చేయడానికి ఒక్క కమాండ్ చాలు. అయినా ఎక్కువమంది చివర్లో తేలిన పేరును నోట్‌బుక్‌లో రాసుకుని ప్రోగ్రామ్ మూసేస్తారు. ఏ ఫైలు ప్రోగ్రామ్‌లోకి వెళ్తుంది, ఏ ఫైలు బయటికి వస్తుంది, ఏది ఎక్కడ ఎంతకాలం ఉండాలి అన్న విషయం మీద పెట్టే శ్రద్ధ చాలా తక్కువ. పేరు తేల్చడం కన్నా అదే ముఖ్యమైన పని అని చెప్పడానికి మండ పీత ఒక్కటి చాలు.

డెల్టాలో డెల్టా

కమాండ్లతో నడిచే గుర్తింపు ప్రోగ్రాముల్లో బాగా పేరున్నది ఇంట్‌కీ. ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓలో, కాన్‌బెర్రాలోని కీటకశాస్త్ర విభాగంలో మైక్ డాల్‌విట్జ్, ఆయన సహచరులు 1971 నుంచి దాదాపు మూడు దశాబ్దాలు కట్టుకుంటూ వచ్చిన ప్రోగ్రాముల సముదాయంలో ఇదొకటి. ఆ సముదాయం పేరు తమాషాగా డెల్టా. జీవుల వర్గీకరణకు వర్ణన భాష అని అర్థం వచ్చే ఇంగ్లీషు మాటల్లోంచి అక్షరాలు ఏరి కూర్చిన పేరది, నదితో సంబంధం లేదు. గోదావరి డెల్టాలో కూర్చుని డెల్టా ఫైళ్ల గురించి మాట్లాడితే కాస్త గందరగోళమే కాబట్టి, ఇకపై దాన్ని డెల్టా ఫార్మాట్ అనుకుందాం. 1988లో వర్గీకరణ డేటాబేసుల అంతర్జాతీయ బృందం దీన్ని ప్రమాణంగా ఆమోదించింది. ఆ తర్వాత కాలంలో ఆస్ట్రేలియాలోనే ఓపెన్ డెల్టా పేరుతో ఈ ప్రోగ్రాముల్ని జావాలో తిరిగి రాశారు.

పుస్తకంలో అచ్చయిన 'కీ'తో, అంటే ఒక ప్రశ్న తర్వాత ఒకటి వరసగా అడుగుతూ పేరు దగ్గరికి తీసుకెళ్లే పట్టికతో పోలిస్తే దీని సౌలభ్యం కోరింగ మడ అడవిలో అడుగు పెడితే తెలుస్తుంది. అభయారణ్యంగా ప్రకటించి 1978 నుంచి కాపాడుతున్న, 235 చదరపు కిలోమీటర్ల అడవి అది. పుస్తకంలోని మొదటి ప్రశ్న పువ్వు గురించి అయితే, పూత లేని కాలంలో వెళ్లినవాడి పని అక్కడే ఆగిపోతుంది. ఇంట్‌కీలో ఏ లక్షణంతోనైనా మొదలుపెట్టొచ్చు. ఆకులు ఎదురెదురుగా ఉన్నాయా, ఒకటి విడిచి ఒకటి ఉన్నాయా? కొమ్మ విరిస్తే పాలు కారుతున్నాయా? బురదలోంచి పెన్సిళ్లు నిలబెట్టినట్టు శ్వాసవేర్లు లేచాయా, లేక కాండం నుంచే ఊతకర్రల్లాంటి వేర్లు దిగాయా? పాలు కారి, ఆకులు ఒకటి విడిచి ఒకటి ఉంటే తిల్ల చెట్టు వైపు వెళ్తాం. ఆ పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు కాబట్టి ఈ లక్షణాన్ని జాగ్రత్తగా చూడాలి. పెన్సిల్ వేర్లు, ఎదురెదురు ఆకులు అయితే మడ. అందులో ఆకు కొన మొనదేలి ఉంటే తెల్ల మడ వైపు, గుండ్రంగా ఉంటే నల్ల మడ వైపు మొగ్గు. ఊతవేర్లు అయితే ఉప్పు పొన్న.

ఇవన్నీ ప్రోగ్రామ్‌కు చెప్పే కమాండ్ పేరు యూజ్. లక్షణం నంబరు, కామా, విలువ. అంతే. టైప్ చేయడం ఇంగ్లీషు అక్షరాల్లోనే, ఇక్కడ చదువుకోవడానికి తెలుగులో రాస్తే 'యూజ్ 3,1' అంటే మూడో లక్షణంలో మొదటి స్థితి అని. సందేహం ఉంటే గీత పెట్టి రెండు స్థితులూ ఇవ్వొచ్చు: 'యూజ్ 3,1/2'. కొలతైతే 'యూజ్ 11,10-15' అని హద్దులు చెప్పొచ్చు. ఒక్కో కమాండ్‌కూ కొన్ని జాతులు జాబితాలోంచి రాలిపోతాయి. చివరికి ఒకటో రెండో మిగులుతాయి.

పంట కాలువ, మురుగు కాలువ

ఈ పని చుట్టూ ఉండే ఫైళ్లను డెల్టా రైతు కళ్లతో చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర మొదలైన నీళ్లు పెద్ద కాలువలు, చిన్న కాలువలు, బోదెల మీదుగా చేలోకి వస్తాయి. చేలోంచి దిగే నీళ్లకు వేరే దారి, మురుగు కాలువ. ఈ రెండిటి మధ్య గట్టు తెగితే ఆ ఊళ్లో ఆ సీజన్ సంగతి చెప్పక్కర్లేదు. ప్రోగ్రామ్‌లోకి వెళ్లే ఫైళ్లు, ప్రోగ్రామ్ నుంచి వచ్చే ఫైళ్లు కూడా అలాగే వేరువేరు దారుల్లో ఉండాలి. పోలిక పూర్తిగా కుదరదు, బయటికొచ్చేది ఇక్కడ మురుగేమీ కాదు. గట్టు మాత్రం అంతే ముఖ్యం.

లోపలికి వెళ్లేవాటిలో మొదటివి డేటా ఫైళ్లు. ఒకటి లక్షణాల ఫైలు, రెండోది జాతుల ఫైలు. ఫైల్ క్యారెక్టర్స్, ఫైల్ టాక్సా అనే రెండు కమాండ్లు వీటిని తెరుస్తాయి. ఇవి ప్రోగ్రామ్ వేగంగా చదువుకోవడానికి తయారైన బైనరీ ఫైళ్లు, నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి. వీటికి మూలం మామూలు టెక్స్ట్ ఫైళ్లు: లక్షణాల జాబితా ఒకటి, జాతుల వర్ణనలు ఒకటి, లక్షణాలు ఎన్ని, ఏ రకానివి అని చెప్పే వివరాల ఫైలు ఒకటి. కాన్‌ఫర్ అనే ప్రోగ్రామ్ వాటిని తీసుకుని ఇంట్‌కీకి కావలసిన బైనరీ ఫైళ్లు చేసి ఇస్తుంది. మిల్లులో వడ్లు ఆడించినట్టే. చాలామంది మిత్రుల నుంచి బైనరీ ఫైళ్లు మాత్రమే కాపీ చేసుకుని సరిపెట్టుకుంటారు. వండుకోవడానికి బియ్యం చాలు, విత్తనానికి మాత్రం వడ్లు కావాలి. ఒక జాతి వర్ణనలో తప్పు దిద్దాలన్నా, కొత్త జాతి చేర్చాలన్నా టెక్స్ట్ ఫైళ్లే దిక్కు.

లోపలికి వెళ్లే రెండో రకం, కమాండ్ల ఫైలు. చేత్తో ఒక్కొక్కటీ టైప్ చేయాల్సిన కమాండ్లను ముందే ఒక టెక్స్ట్ ఫైల్లో రాసి పెట్టుకుని, ఫైల్ ఇన్‌పుట్ అన్న కమాండ్ తర్వాత ఆ ఫైలు పేరు ఇస్తే ప్రోగ్రామ్ పైనుంచి కిందికి చదువుకుంటూ అమలు చేసేస్తుంది. డేటా ఫైళ్లు తెరవడం, సెట్టింగులు పెట్టడం లాంటి ప్రతిసారీ చేసే పనులన్నీ ఇలా ఒక మొదలు ఫైల్లో పెట్టుకుంటారు.

బయటికి వచ్చేవి మూడు, వాటి మధ్య తేడా తెలియకే సగం నష్టం జరుగుతుంది. ఫైల్ ఔట్‌పుట్‌తో తెరిచిన ఫైల్లోకి మనం అడిగి రాయించుకున్నవి మాత్రమే వెళ్తాయి: మిగిలిన జాతుల జాబితా, ఒక జాతి వర్ణన, రెండు జాతుల తేడాలు. ఇది రిపోర్టుకు పనికొచ్చేది, పై అధికారికి పంపేది. ఫైల్ లాగ్‌తో తెరిచిన ఫైల్లోకి మనం అన్నదీ, ప్రోగ్రామ్ బదులు చెప్పిందీ రెండూ చేరతాయి. కోర్టులో సాక్షి వాంగ్మూలం రాసినట్టు ప్రశ్న, జవాబు, ప్రశ్న, జవాబు. ఫైల్ జర్నల్‌తో తెరిచిన ఫైల్లో మనం ఇచ్చిన కమాండ్లు మాత్రమే ఉంటాయి. జవాబులు ఉండవు.

పాతకాలపు వ్యాపారులకు ఈ విడదీత కొత్తేమీ కాదు. చిట్టా వేరు, ఆవర్జా వేరు. జరిగింది జరిగినట్టు, ఏ వేళకు ఆ వేళ రాసేది చిట్టా. దాన్ని ఖాతాల వారీగా సర్దేది ఆవర్జా. ఆవర్జా పోతే చిట్టా చూసి మళ్లీ రాయొచ్చు. చిట్టా పోతే ఆవర్జాలోని అంకెలు నమ్మాలో లేదో చెప్పే దిక్కుండదు. జర్నల్ ఫైలు చిట్టా లాంటిది. దానికున్న అసలు గుణం ఏమిటంటే, బయటికొచ్చిన ఈ ఫైలును రేపు ఇన్‌పుట్ ఫైలుగా మళ్లీ లోపలికి పంపొచ్చు. నిన్నటి గుర్తింపు మొత్తం కళ్లముందు తిరిగి జరుగుతుంది. ఔట్‌పుట్ ఫైలుతో ఆ పని జరగదు.

మండ పీత కథకు ఇది నేరుగా వర్తిస్తుంది. పాత డేటాసెట్‌లో, అంటే ఇందాకటి లక్షణాల, జాతుల ఫైళ్ల కట్టలో, సిల్లా అంటే ఒకటే జాతి అనుకుందాం. పీత నుదుటి పళ్లు, కణుపు మీది ముళ్లు, డెక్కల మీద బహుభుజాల గీతలు ఉన్నాయో లేవో, అన్నీ చూసి యూజ్ కమాండ్లతో చెప్పి ఉంటే, పేరు సెర్రాటా అని వచ్చినా ఫర్వాలేదు. డేటాసెట్‌ను నాలుగు జాతులుగా సవరించాక ఆ జర్నల్‌ను మళ్లీ నడిపితే, నిజంగా సెర్రాటాయో, ఒలివేసియాయో తేలే అవకాశం ఉంది. పీతను మళ్లీ పట్టక్కర్లేదు. అయితే 'ఒకటే జాతి కదా' అని రెండు లక్షణాలతో ఆపేసినవాడికి ఈ అదృష్టం లేదు. జాబితాలో ఒకటే మిగిలినా ఇంకో నాలుగైదు లక్షణాలు చెప్పి ఆపడం మంచి అలవాటు.

సామర్లకోటలో 1781 నుంచి ఈస్టిండియా కంపెనీ తరఫున పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ మొక్కల పేర్లతో ఆగలేదు. వివరమైన వర్ణనలు రాశాడు, బొమ్మలు గీయించాడు, తెలుగు పేర్లు పక్కనే రాసుకున్నాడు. ఆయన పెట్టిన శాస్త్రీయ నామాల్లో ఎన్నో తర్వాత మారాయి. అయినా ఏ పేరు ఏ మొక్కదో ఈనాటికీ పోల్చి చూసుకోగలుగుతున్నాం.

నంబర్లు జరిగితే

జర్నల్ గురించి ఇంత చెప్పాక దాని బలహీనత కూడా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ జరిగే తప్పు చప్పుడు చేయదు.

యూజ్ కమాండ్‌లో ఉండేవి నంబర్లు. 'యూజ్ 7,2' అంటే ఏడో లక్షణం, రెండో స్థితి. ఏడో లక్షణం ఏమిటన్నది డేటాసెట్ మీద ఆధారపడుతుంది. మడ చెట్ల డేటాసెట్‌లో ఏడోది ఆకు కొన ఆకారం అనుకోండి. వచ్చే ఏడాది ఎవరో దాన్ని మెరుగుపరుస్తూ మధ్యలో 'ఆకు మీద ఉప్పు కణాలు' అని ఒక లక్షణం చొప్పించారు. ఆకు కొన ఎనిమిదోది అయింది. పాత జర్నల్‌ను కొత్త డేటాసెట్ మీద నడిపితే ప్రోగ్రామ్ గొడవ చేయదు, ఎర్ర అక్షరాలు చూపించదు. ఏడో లక్షణం ఉంది, రెండో స్థితి ఉంది, ఇంకేం కావాలి? ఆకు కొన గురించి చెప్పిన మాటను ఉప్పు కణాల గురించి అనుకుని లెక్క వేస్తుంది. తెల్ల మడ నల్ల మడ అయిపోవచ్చు. అసలేమీ మిగలకపోతే అదృష్టం, అప్పుడైనా అనుమానం వస్తుంది.

దీనికి మూడు విరుగుళ్లున్నాయి. డేటాసెట్ తయారుచేసేవాళ్లు కొత్త లక్షణాలను మధ్యలో చొప్పించకుండా చివర చేర్చడం మొదటిది. ఇది చెప్పినంత తేలిక కాదు. ఆకు లక్షణాలన్నీ ఒకచోట, పువ్వువి ఒకచోట ఉంటేనే వర్ణన చదవడానికి బాగుంటుంది కాబట్టి మనసు ఒప్పదు. లక్షణాలకు పేర్లు పెట్టుకుని నంబర్ల బదులు పేర్లు వాడటం రెండోది. ఇంట్‌కీలో డిఫైన్ క్యారెక్టర్స్ అనే కమాండ్‌తో ఒక లక్షణానికో, లక్షణాల గుంపుకో పేరు పెట్టొచ్చు. అయితే ఆ నిర్వచనాలు ఉన్న ఫైలు డేటాసెట్‌తో పాటు సరిదిద్దుకుంటూ రావాలి. మూడోది, పనిలో నిలబడేది: జర్నల్‌తో పాటు లాగ్ కూడా దాచడం. లాగ్‌లో ఏడో నంబరు పక్కన ఆ లక్షణం మాటల్లో కనిపిస్తుంది, 'ఆకు కొన మొనదేలి' అని. నంబర్లు ఎన్ని మారినా లాగ్ చూసి జర్నల్‌ను కొత్త నంబర్లలోకి దిద్దుకోవచ్చు.

అంటే జర్నల్ ఒక్కటే చాలదు, లాగ్ ఒక్కటే చాలదు. ఒకటి యంత్రం కోసం, రెండోది మనిషి కోసం. వీటికి తోడు ఏ డేటాసెట్ మీద నడిపారో, అది ఏ తేదీదో కూడా ఉండాలి. డేటాసెట్ ఫైళ్ల కాపీనే ఆ ఫోల్డర్లో పెట్టేస్తే ఇంకా నయం. ఇరవై ముప్ఫై జాతుల డేటాసెట్ ఎంత ఉంటుంది, ఫోన్‌లో తీసిన ఒక్క ఫొటో అంత కూడా ఉండదు. పెన్‌డ్రైవ్‌లో చోటు లేదన్న సాకు ఇక్కడ చెల్లదు.

సెట్టింగుల సంగతి కూడా ఇందులో భాగమే. ఇంట్‌కీలో టాలరెన్స్ అని ఒకటుంది. ఎన్ని లక్షణాలు కలవకపోయినా ఆ జాతిని జాబితాలో ఉంచాలో చెబుతుంది. సున్నా అంటే ఒక్కటి తేడా వచ్చినా బయటికే. ఒకటి అంటే ఒక తప్పును క్షమిస్తుంది. మొదటిసారి టాలరెన్స్ ఒకటిగా పెట్టి నడిపి, రెండోసారి సున్నాతో నడిపితే అవే కమాండ్లకు వేరే జవాబు రావచ్చు. పని మొదట్లో లాగ్ తెరవగానే స్టేటస్ అనే కమాండ్ ఇస్తే, అప్పటి సెట్టింగులన్నీ లాగ్‌లో పడతాయి. అర నిమిషం పని.

ముప్ఫై నమూనాలు ఒకేసారి

ఒక్కో నమూనాకు ఒక్కోసారి ప్రోగ్రామ్ ముందు కూర్చోవడం చదువుకునే పిల్లలకు బాగుంటుంది. కోరింగ నుంచి పడవలో ముప్ఫై నమూనాలు తెచ్చిన బృందానికి అంత తీరిక ఉండదు. పొలంలో, అంటే బురదలో, పోటు వచ్చేలోగా కాగితం మీద లక్షణాలు గుర్తుపెట్టుకుని, సాయంత్రం గదికొచ్చి అన్నీ ఒకే ఇన్‌పుట్ ఫైల్లో రాసి నడిపించడమే వీలైన దారి. అలాంటి ఫైలు కొంత ఇలా ఉంటుంది:

*రీస్టార్ట్
*కామెంట్ నమూనా 14, చొల్లంగి, ఆకులు, వేర్లు మాత్రమే, పూత లేదు
*యూజ్ 3,1
*యూజ్ 7,2
*యూజ్ 11,10-15

రీస్టార్ట్ అంటే అంతకుముందు చెప్పిన లక్షణాలన్నీ మరిచిపోయి కొత్త నమూనాతో మొదలుపెట్టమని. ముప్ఫైలో ఒక్కచోట ఇది రాయడం మరిచిపోతే, పద్నాలుగో చెట్టు లక్షణాలకు పదిహేనో చెట్టు లక్షణాలు తోడవుతాయి. రెండూ వేరే జాతులైతే ఏ జాతీ మిగలదు, తప్పు దొరికిపోతుంది. రెండూ మడ చెట్లే అయితే తంటా. పదిహేనోదాన్ని సరిగా చూడకపోయినా, పద్నాలుగోదాని బలంతో అది కూడా చక్కగా తెల్ల మడ అని తేలిపోతుంది. కాబట్టి ప్రతి నమూనా ముక్కా రీస్టార్ట్‌తోనే మొదలవ్వాలి, మొదటిదైనా సరే. దాని వెనకే నమూనా నంబరు, చోటు, ఏం చూడలేదో కూడా చెప్పే కామెంట్ ఉండాలి. 'పూత లేదు' అన్న మాట ఎంత విలువైనదో ఆరు నెలల తర్వాత తెలుస్తుంది. ఆ కామెంట్ ఔట్‌పుట్ ఫైల్లో కూడా కనబడాలంటే ఔట్‌పుట్ కామెంట్ అని వేరే కమాండ్ ఉంది. అది వాడకపోతే రిపోర్టులో ముప్ఫై జాబితాలు వరసగా ఉంటాయి, ఏది ఏ చెట్టుదో వేళ్లు మడుచుకుంటూ లెక్కపెట్టుకోవాలి.

కమాండ్లను తెలిసేంత మేరకు కుదించి రాసినా ప్రోగ్రామ్ ఒప్పుకుంటుంది. చేత్తో టైప్ చేసేటప్పుడు ఆ బద్ధకం మంచిదే. ఫైల్లో మాత్రం పూర్తి పేరే రాయాలి. రెండేళ్ల తర్వాత ఆ ఫైలు చదివేది ప్రోగ్రామ్ ఒక్కటే కాదు, మనిషి కూడా.

ఇన్‌పుట్ ఫైల్లోంచి ఇంకో ఇన్‌పుట్ ఫైలును పిలవొచ్చు. సౌకర్యమే, కానీ పిలిచిన ఫైళ్లన్నీ ఒకే ఫోల్డర్లో ఉంచుకోవాలి. ఒక ల్యాప్‌టాప్‌లో 'డి' డ్రైవులో ఉన్న ఫైలును పూర్తి చిరునామాతో పిలిస్తే, రాజోలులో ఇంకొకరి ల్యాప్‌టాప్‌లో అది పనిచేయదు. పేరు మాత్రమే రాసి, ఫైళ్లన్నీ పక్కపక్కన పెట్టి, ఫోల్డర్ మొత్తాన్ని పంపితే ఎక్కడైనా నడుస్తుంది.

గట్టు తెగే చోటు ఒకటుంది. నిన్నటి జర్నల్‌ను ఇన్‌పుట్‌గా నడుపుతూ, ఈరోజు జర్నల్‌కు కూడా అదే పేరు ఇవ్వడం. చదవాల్సిన ఫైలు మీదే రాయమని చెప్పినట్టు. ప్రోగ్రామును బట్టి అది వద్దనొచ్చు, కింద చేర్చొచ్చు, పాతదాన్ని తుడిచేసి కొత్తగా మొదలుపెట్టొచ్చు. ఈ మూడిట్లో ఏది జరుగుతుందో అసలు జర్నల్ మీద ప్రయోగం చేసి తెలుసుకోవడం కన్నా, 'లోపలికి', 'బయటికి' అని రెండు ఫోల్డర్లు పెట్టుకుని, లోపలి ఫోల్డర్లోని ఫైళ్లను రీడ్ ఓన్లీ చేయడం సుఖం. బయటి ఫైళ్ల పేర్లలో తేదీ ఉంటే ఒకదాని మీద ఒకటి పడవు. తేదీ రాసేటప్పుడు సంవత్సరం ముందు, తర్వాత నెల, తర్వాత రోజు రాస్తే ఫోల్డర్లో వాటంతట అవే వరసలో నిలబడతాయి.

జర్నల్‌ను అందంగా దిద్దాలన్న కోరిక మరో ప్రమాదం. చిట్టాలో కొట్టివేతలుంటాయి. ముందు 'యూజ్ 7,1' అని, తర్వాత కాదనుకుని చేంజ్ కమాండ్‌తో రెండుకు మార్చి ఉంటారు. ఆ తడబాటు కూడా సమాచారమే. ఆ ఆకు కొన అంత స్పష్టంగా లేదని అది చెబుతోంది. శుభ్రమైన ఫైలు కావాలంటే కాపీ తీసి దాన్ని దిద్దాలి. అసలుదాన్ని అలాగే వదిలేయాలి.

కరెంటు పోతే, వర్డ్ వాడితే

ప్రోగ్రామ్ లాగ్‌లో రాసిన ప్రతి లైనూ అప్పటికప్పుడు డిస్కు మీదికి చేరకపోవచ్చు. కొంత మెమరీలో పోగుచేసి ఒక్కసారి రాయడం కంప్యూటర్ల పద్ధతి. ఈదురుగాలికి లైను తెగి కరెంటు పోయినప్పుడు బ్యాటరీ లేని డెస్క్‌టాప్ మీద పనిచేస్తున్నవాళ్లకు చివరి లైన్లు దక్కకపోవచ్చు. గంటసేపు పని ఒకే లాగ్‌లో తెరిచి ఉంచకుండా, ఐదారు నమూనాలకోసారి ఫైల్ క్లోజ్ ఇచ్చి కొత్త పేరుతో తెరుచుకుంటే పోయేది తక్కువ. మూయని ఫైలును ఇంకో ప్రోగ్రామ్‌లో తెరిచి 'సగమే ఉందేంటి' అని టెన్షన్ పడేవాళ్లకు కూడా జవాబు ఇదే. ముందు మూయాలి.

కమాండ్ల ఫైలు రాయడానికి నోట్‌ప్యాడ్ లాంటి సాదా ఎడిటరే వాడాలి. వర్డ్‌లో రాస్తే అది సాయం చేస్తున్నాననుకుని ఖాళీల మధ్య రాసిన చిన్న గీతను పొడవు గీతగా, నిటారు కోట్‌లను వంపు కోట్‌లుగా మార్చేస్తుంది. కంటికి తేడా తెలియదు, ప్రోగ్రామ్‌కు మాత్రం అర్థం కాదు. వాట్సాప్‌లో కమాండ్లను మెసేజ్‌గా అంటించినా అక్షరాలు, లైన్లు అలాగే అవతలికి చేరతాయన్న భరోసా లేదు. ఫైలునే అటాచ్ చేసి పంపాలి. విండోస్ రాకముందు నాటి డాస్ రోజుల్లో పుట్టిన ప్రోగ్రాములకు తెలుగు లిపి తెలియదు కాబట్టి ఫైళ్ల పేర్లు, ఫోల్డర్ల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, ఖాళీలు లేకుండా, పొట్టిగా పెట్టుకోవడం క్షేమం. అప్పట్లో ఫైలు పేరుకు ఎనిమిది అక్షరాలు, చుక్క తర్వాత మూడు, అంతే హద్దు. ఆ క్రమశిక్షణ ఇప్పటికీ చెడ్డదేమీ కాదు. స్థానిక పేర్లు, ఊళ్ల పేర్లు తెలుగులో రాసుకోవాలనిపిస్తే వాటికి విడిగా ఒక ఫైలు పెట్టుకుని, నమూనా నంబరుతో ముడి వేస్తే రెండు అవసరాలూ తీరతాయి.

పూత వచ్చేదాకా

ఇంత సర్దుబాటూ దేనికన్నది ఉప్పు పొన్న దగ్గర బాగా తెలుస్తుంది. ఉప్పు పొన్న చెందిన రైజోఫోరా ప్రజాతిలో అపిక్యులాటా, మ్యుక్రొనాటా రెండూ ఈ డెల్టాలో కనిపిస్తాయి. రెండిటికీ ఊతవేర్లే, రెండిటికీ ఎదురెదురు దళసరి ఆకులే. తేలికగా విడదీసేది పువ్వు. అపిక్యులాటాలో పూగుత్తికి రెండేసి పువ్వులు, రేకలు నున్నగా. మ్యుక్రొనాటాలో పువ్వులు ఎక్కువ, రేకల అంచున తెల్లటి నూగు. పూత లేనప్పుడు వెళ్లి ఆకులు, వేర్లు చూసి వచ్చినవాడికి ప్రోగ్రామ్ నిజాయతీగా రెండు పేర్లు మిగిల్చి చూపిస్తుంది. చాలా రిపోర్టుల్లో ఇక్కడే ఒక చిన్న మోసం జరుగుతుంది. రెండిట్లో ఒకటి 'ఇదే అయ్యుంటుంది' అని రాసేస్తారు. ఔట్‌పుట్ ఫైలు ఒక్కటే దాచినవాళ్లకు ఆ రెండోపేరు ఎప్పుడు, ఎందుకు రాలిపోయిందో తర్వాత తెలుసుకునే దారి ఉండదు.

జర్నల్ ఉన్నవాళ్లు అలా తేల్చేయాల్సిన పని లేదు. నమూనా 22, గౌతమి పాయ, రెండు జాతులు మిగిలాయి, పూత లేదు, అని కామెంట్ పెట్టి ఫైలు మూసేస్తారు. చెట్టుకు గుర్తు కట్టి వస్తారు. పూసినప్పుడు అదే పడవ రేవుకు, పాటు వేళ చూసుకుని వెళ్తారు. ఈసారి ఆకులు, వేర్లు మళ్లీ కొలవక్కర్లేదు. గుత్తికి ఎన్ని పువ్వులో, రేకకు నూగు ఉందో లేదో చూసుకుని వచ్చి, పాత జర్నల్‌ను కాపీ తీసి, చివర ఒక్క లైను చేర్చి, ఫైల్ ఇన్‌పుట్ ఇస్తారు.